నీలి గుర్రానికి నేను చెప్పిన రేటు

మీరు గిప్పుడిప్పుడే గీ పనిల చేరుతున్నోళ్లు. ఆటల సామాన్లకు రేట్లు కట్టుడంటే మీకు కంప్యూటర్ల గీతలు గీసి చూపెట్టే పని. నాకు గా గీతలు రావు. మోకాళ్లు మెట్లెక్కనియ్యక నౌకరి ఇడిశిపెట్టి ఇంట్ల కూసున్నదాన్ని, నా మాట ఇనాలెనని జబర్దస్తి ఏం లేదు. కానీ "దొరకని వస్తువుకు సరైన రేటు ఎట్ల తెలుస్తది మేడం?" అని మీలాంటోళ్లు దారిల ఆపి మరీ అడుగుతుండ్రు. ఒక్కొక్కలకు చెప్పుకుంట పోతే నోరు నొస్తుంది. అందుకే ఒక గుర్రం సంగతి ఇక్కడ రాస్తున్న. చదివినంక మీ తిప్పలు మీరు పడుండ్రి.

ముందుగాల నేను కరీంనగర్ల పాత బండ్ల కన్సల్టెన్సీల ఉంటి. అమ్మేటోడు మోటర్ సైకిల్ తెస్తడు, కొనేటోడు పక్కన నిలవడ్తడు, నేను రేటు చెప్త. కిక్కు కొట్టి చప్పుడు ఇంట, పొగ రంగు చూస్త, టైరును గోరుతోని గీకి చూస్త. నాదొక పద్ధతి ఉండె. రేటు ఎప్పుడైనా ఇద్దరి ముంగట, గట్టిగ, ఒక్కసారే చెప్పాలె. ఎందుకు గా రేటో కూడ అక్కడనే చెప్పాలె. ఒకని చెవుల ఒకటి, ఇంకోని చెవుల ఇంకోటి ఊదుడు నాకు చేతకాదు. "మా మేడం దగ్గర చాటుమాటు లేదు" అని దుకాణం నడిపే సార్ గిరాకీలకు గొప్పగ చెప్పుకునేటోడు. అబద్ధమెందుకు, నేను కూడ లోపల ఉబ్బిపోయేదాన్ని.

సార్ వాళ్లది భూములున్న కుటుంబం. ఎవుసం కౌలుకిచ్చి పట్నంల యాపారం పెట్టిండు. కొత్త బండ్లకు కిస్తీలు సులువైనంక పాత బండ్లను అడిగేటోడు లేకుండపోయిండు. ఒకనాడు పొద్దుగాల వచ్చి, "మేడం, ఇగ బండ్లు బంద్. ఫోన్ల ఆటలల్ల కత్తులు, గుర్రాలు అమ్ముకుంటుండ్రట. మనం నడుమ కూసుందాం. మీరు రేట్లు కట్టుండ్రి," అన్నడు.

"కత్తులా సార్?"

"ఉత్తుత్తి కత్తులు. ఫోన్లనే ఉంటయ్."

పొద్దుగాల్నే తాగి వచ్చిండేమో అనుకున్న. పాపం, తాగలే.

తెల్వనోళ్లకు రెండు ముక్కలల్ల చెప్త. ఆన్‌లైన్ ఆటలల్ల ఆడేటోళ్లకు కంపెనీ అప్పుడప్పుడు ఒక కత్తో, అంగో, గుర్రమో బహుమతి ఇస్తది. కొన్నాళ్లకు ఇచ్చుడు బంద్ చేస్తది. గప్పుడు ఉన్నోడు రాజు, లేనోడు కొనాలె. నేను చెప్పే ఆటల చేతులు మార్చుకునేటందుకు కంపెనోళ్లే దారి పెట్టిండ్రు. కాకపోతే అమ్మేటోన్ని కొనేటోడు నమ్మడు, కొనేటోన్ని అమ్మేటోడు నమ్మడు. గందుకే నడుమ మేము. రేటు చీటీ మీద నా సంతకం ఉంటేనే ఇద్దరు ఒప్పుకునేది.

మొదట్ల నాకు మస్తు చిరాకు లేస్తుండె. బండి ఐతే తన్ని చూడొచ్చు, గీ కత్తిని ఏం తన్నాలె? అది తుప్పు పట్టది, కిలోమీటర్లు తిరగది. మెల్లమెల్లగ సమజైంది. ఎన్ని ఉన్నయ్, అడిగేటోళ్లు ఎందరున్నరు, మొన్న ఎంతకు పోయింది, గీ మూడు చూస్తే చాలు. మొదటి రెండు ఊహ. మూడోదే గట్టి ఆధారం. ఆటలనే ఒక బజారు ఉంటది, అండ్ల ఏ వస్తువు ఎంతకు చేతులు మారిందో కనవడ్తది. పేర్లు మాత్రం ఒక్కటి కూడ మనుషుల పేర్లు కావు. 'చీకటి పులి' అంటడొకడు, 'యముని అల్లుడు' అంటడు ఇంకొకడు.

మా దిక్కు మనిషి కనవడంగనే ఏ ఊరు, ఎవలోళ్లు, ఎవలింటి అల్లుడు అని ఆరా తీస్తరు. చాయ తాగేలోపట చుట్టరికం బయటపడ్తది. బండ్ల దుకాణంల నేను గదే చేసేదాన్ని. "పక్కింటోని బండి గింతకే పోయింది" అని ఎవలన్న అంటే, "చుట్టానికి ఇచ్చిండా, బయటోనికి అమ్మిండా?" అని మొదలు అడుగుత. చుట్టాల నడుమ పోయిన బండి రేటును నేను లెక్కల పట్టకపోదును. వియ్యంకునికి తక్కువకు ఇస్తరు, దాయాది పాలోనికి పంతానికి ఎక్కువ చెప్తరు. గీ ఆటల పనిల చేరినంక గా ఆరా బంద్ ఐంది. ఎవలికి ఊరు లేదు, ఇంటిపేరు లేదు. నిజం చెప్పాలంటే పానం హాయిగ ఉండె.

ఆఫీసుల నాకు తోడు ఒక అక్క. ఆదిలాబాద్ ఆమె. ఫోన్లు మాట్లాడుడు, వస్తువు నిజంగ వాళ్లదేనా అని తనిఖీ చేసుడు ఆమె పని. మాటల సగం మరాఠి దొర్లుతది. సరే అనాలంటే "బర్" అంటది. కోపమొస్తే "అరె బాబా" అని మొదలుపెడ్తది, ఇగ ఆపది. మా ఇద్దరికి దినాం కొట్లాట, దినాం ఒకటే డబ్బాల సద్ది.

ఇగ గుర్రం సంగతికొస్త.

సుల్తానాబాద్ దిక్కు ఒక మనిషి వచ్చిండు. గల్ఫ్‌ల పని చేస్తడు, బిల్డింగులకు పరంజాలు కట్టే పని. సెలవు మీద వచ్చిండు. క్యాంపుల శుక్రవారం పూట అందరు పండుకుంటె గీయన ఆట ఆడుకునేటోడట. ఆట కొత్తగ వచ్చిన ఏడాది ఆడినోళ్లకు కంపెనీ ఒక నీలి గుర్రం ఇచ్చింది. మల్ల ఎన్నడు ఇయ్యలే. ఈయన కాడ అది ఉన్నది.

"అమ్ముత మేడం. మంచి రేటు వస్తే ఇగ నేను వాపస్ పోను," అన్నడు.

"పోకపోతే ఏం చేస్తవు?"

"మా దగ్గర ఒకాయన పాత ట్రాక్టర్ అమ్ముతుండు, ట్రాలీతో సహా. కొనుక్కుంటే ఊర్లనే కిరాయికి నడుపుకుంట. ఎండల పైకెక్కి నిలవడ్తే ఈ నడుమ కండ్లు తిరుగుతున్నయ్. మా ఇంటామెకు చెప్పలే. మీరు చెప్పకుండ్రి."

నేనెక్కడ చెప్త! అయినా గా మాట అన్నప్పుడు ఆయన మొఖం చూసి, కింద పడితే ఏంగావాలె అనుకున్న.

బజారు తీసి చూసిన. నీలి గుర్రం ఒక్కటంటే ఒక్కటే చేతులు మారింది, పోయినేడు. అమ్మింది గా 'యముని అల్లుడే'. సరిగ్గ పాత ట్రాక్టరంత రేటు. నేను మల్ల మల్ల చూసిన. ఇంకో ఆధారం లేదు. గదే రేటు చీటీ మీద రాసి సంతకం పెట్టిన. గాయన చీటీని రెండు చేతులతోని పట్టుకొని చదువుకుంట మెట్లు దిగిండు.

కొనేటాయన దొరుకుడు కూడ సులువైంది. కరీంనగర్లనే పండ్ల డాక్టర్ ఒకాయన. పొద్దంతా జనం నోర్లల్ల చూసి చూసి, తీరిక దొరికితే ఫోన్ల గుర్రాలు చూస్తడు. ఆ గుర్రం కోసం ఎన్నాళ్ల సందో తిరుగుతుండు. "కొండగట్టు పోయి మొక్కుకున్న మేడం, ఈసారన్న నాకే దొరకాలెనని," అన్నడు. అంజన్న గుర్రాల కోరికలు కూడ చూస్తడని నాకు తెల్వది. రేటు చెప్తే కండ్లు కూడ ఆర్పలే, సరే అన్నడు.

గల్ఫాయన ఆ మాట ఇని ఇంట్ల చెప్పేసిండు. ఇంటామె సూట్‌కేసుల సదిరిన బట్టలు తీసి మల్ల బీరువాల పెట్టిందట. ఫోన్‌ల గీ ముచ్చట చెప్పుకుంట ఆయన నవ్వుతుండు. టికెట్ మాత్రం రద్దు చేసుకోలే. పైసలు చేతికొచ్చినంక చేస్తనన్నడు. గల్ఫ్ బతుకు నేర్పిన హుషారు గది.

గుర్రం చేతులు మారాలిసిన దినం వచ్చింది, మరునాడు తెల్లారకముందే ఆయన విమానం. పొద్దుగాల్ల అక్క తనిఖీ ఫోన్లు చేస్తుంది. మా పద్ధతి ప్రకారం పెద్ద వస్తువు ఐతే ఇంతకుముందు అమ్మినోన్ని కూడ ఒకసారి అడుగుతం, ఇంకేమన్న ఉన్నయా అని. పోయినేడు గుర్రం అమ్మినాయన నంబర్ అక్కకు అప్పుడే దొరికింది. ఉట్నూర్ల జీపు నడుపుకునే మనిషట. అక్క స్పీకర్ పెట్టింది, నేను పక్కన చాయ తాగుతున్న.

"మీ గుర్రం మంచి రేటుకు పోయింది కద తమ్మీ, ఇంకొకటి ఉన్నదా?" అని అడిగింది.

అవుతలాయన పకపక నవ్విండు. "అది గుర్రం రేటా అక్కా! గాలిదుమారానికి మా ఇంటి రేకులు లేచిపోయినయ్. నా బామ్మర్ది పైసలు పట్టుకొని వచ్చిండు. నేను ముట్టలే. పెండ్లాం పుట్టింటి పైసలతోని ఇల్లు కప్పుకుంటే నలుగుట్ల తలకాయ ఎట్ల ఎత్తుకోవాలె? వాడు అలిగి పోయిండు. మల్ల వచ్చి, ఐతే నీ గుర్రం నాకు అమ్ము బావా, అన్నడు. అమ్మిన. రేకులు ఏసుకున్న."

"మరి గుర్రం?"

"వానికి ఆట ఆడరాదు అక్కా. అది గట్లనే నిలవడి ఉంటది."

"బయటోళ్లు ఎంతకు అడిగిండ్రు మరి?"

"కొత్త మోటర్ సైకిల్ అంత. అంతకు పైసా ఎక్కువ ఎవలు అడగలే."

అక్క ఫోన్ పెట్టేసి నా దిక్కు చూసింది. "అరె బాబా," అన్నది. గంతే, ఇంకేం అనలే. ఆమె అంతటితోని ఆగిందంటే నాకు అప్పుడే భయమైంది.

చుట్టానికి ఇచ్చిండా, బయటోనికి అమ్మిండా? బండ్ల దుకాణంల పదారేండ్ల పోరడు కూడ నా నోట ఇనీ ఇనీ నేర్సుకున్న ప్రశ్న. యముని అల్లుడు నిజంగ ఎవలింటి అల్లుడో అడగాలెనని నాకు తోచనే లేదు.

సార్ కాడికి పోయి చెప్పిన. ఆయన తలుపు దగ్గరికేసిండు. "మేడం, డాక్టర్ ఇస్తనంటుండు. ఈయన తీసుకుంటనంటుండు. ఇద్దరు ఖుషీగ ఉన్నరు. నడుమ మీకేం నొప్పి?"

"చీటీ మీద నా సంతకం ఉన్నది సార్."

"డాక్టర్‌కు అదొక లెక్కనా? ఆయనకు నెల తిరిగితే వస్తయ్."

"ఉన్నోడైతే మోసం చేయొచ్చా?"

"మోసం అంటరేంది! ఎవలు మోసం చేస్తుండ్రు ఇక్కడ?"

నాకు కోపం వస్తే ఆగది. చీటీ ఆయన బల్ల మీద పెట్టి, "గట్లైతే మీరు సంతకం పెట్టుకోండ్రి," అన్న. సార్ పెన్ను దిక్కు చూసిండు, తీసుకోలే. ఇంతల మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

గల్ఫాయన వచ్చిండు. ఎంట ఒక మనిషి. "మా బామ్మర్ది మేడం," అన్నడు. "కార్ తెచ్చిండు. ఎందుకైనా మంచిదని మల్ల సదిరిన సామాను డిక్కిల ఉన్నది. పని ఐతే ఇంటికి, కాకపోతే హైదరాబాద్‌కు." జోక్ చేసినట్టు అన్నడు. బామ్మర్ది వరికోత మిషన్లు తిప్పుతడట, నిమ్మలమైన మనిషి, మూలకు కుర్చీ ఏసుకొని కూసున్నడు. ఎనుక డాక్టర్ వచ్చిండు, పెండ్లికొడుకు లెక్క ఇస్త్రీ అంగి ఏసుకొని.

నేను నా పద్ధతి ప్రకారమే చెప్పిన. అందరి ముంగట, గట్టిగ, ఒక్కసారే. ముందు రాసిన రేటు తప్పు, సరైన రేటు ఒక కొత్త మోటర్ సైకిల్ అంత, అని చెప్పిన. ఎందుకని డాక్టర్ అడిగిండు. ఎందుకో కూడ చెప్పిన. ఉట్నూర్ బావ, లేచిపోయిన రేకులు, అలిగిన బామ్మర్ది, గుర్రం పేరు మీద చేతులు మారిన పైసలు, ఏది దాచలే. చెప్పుకుంట ఉంటే నాకు లోపల జర గర్వంగ కూడ ఉన్నది. సార్ సుత అడ్డం రాలేకపోయిండు చూడు, అని.

డాక్టర్ అంగి చేతులు సదురుకున్నడు. "మంచి పని చేసిండ్రు మేడం. మోటర్ సైకిల్ రేటుకైతే ఇప్పుడే తీసుకుంట," అన్నడు.

గల్ఫాయన ఫోన్ తీసి గుర్రాన్ని చూసుకున్నడు. దానితోని ట్రాక్టర్ రాదు, సగం ట్రాక్టర్ కూడ రాదు. మోటర్ సైకిల్ పైసలు పట్టుకొని ఇంట్ల కూసుంటే ఎన్ని దినాలు? ఆయన మతిల గా లెక్క నడుస్తుందని అందరికి కనవడ్తనే ఉన్నది.

అప్పుడు మూలకున్న బామ్మర్ది లేచిండు.

"ముందు చెప్పిన రేటుకు నేను కొంట బావా," అన్నడు.

గల్ఫాయన తల ఎత్తిండు. "నువ్వేం చేసుకుంటవురా గుర్రాన్ని?"

"నాకు ఇష్టం."

"నీకు ఆట ఆడరాదు."

"నేర్సుకుంట. మొన్న ఒక మిషన్ అమ్మిన పైసలు ఊకెనే ఉన్నయ్ నా కాడ."

గల్ఫాయన బామ్మర్ది దిక్కు చూసిండు, మల్ల నా దిక్కు చూసిండు. నవ్విండు. గా నవ్వు ఏడ్పు కన్నా అన్యాలంగ ఉండె.

"మేడం గిప్పుడే చెప్పింది కదరా," అన్నడు, "బామ్మర్ది గుర్రం కొంటే దాని పేరేందో."

బామ్మర్ది ఇంకేమో అనబోయిండు. ఆయన అననియ్యలే. ఫోన్ జేబుల పెట్టుకున్నడు. డాక్టర్‌కు దండం పెట్టి, "నేను అమ్మను సార్, మీకు తిప్పలైంది," అన్నడు. నాకు కూడ దండం పెట్టిండు. కోపం లేదు ఆయనకు. కోపం చేసినా బాగుండు. ఇంటికి ఫోన్ చేసుకుంట మెట్లు దిగిండు. "ఆఁ, పోతున్న. లేదు, మల్ల ఇంటికి రాను, ఇట్ల నుంచి ఇట్లనే," అన్న మాట ఇనవడ్డది.

బామ్మర్ది తలుపు కాడ ఆగిండు.

"రేటు తప్పని చెప్పుండ్రి మేడం, మంచిదే. డాక్టర్ సార్ మునగొద్దు. కానీ గా ఉట్నూరోళ్ల ముచ్చట మా బావ ముంగట ఎందుకు చెప్పిండ్రు?"

"ఎందుకు గా రేటో చెప్పుడు నా పద్ధతి తమ్మీ."

"జర నన్ను అవుతలికి పిలిచి చెప్తే మీదేం పోవు? నా పైసలిచ్చి ఎవలినో ఒకన్ని కొనేటట్టు తయారుచేసి పంపుదును. బావకు తెలిసేదే కాదు."

కింద కార్ల నుంచి బావ హారన్ కొట్టిండు, బామ్మర్ది పోయిండు. అక్క ఆ పూట సద్ది డబ్బా తీయలే. నాకు ఏడ్పొచ్చింది, ఏడ్సిన కూడ. ఇండ్ల సిగ్గేం లేదు. ఎవలి తప్పని అడిగితే ఇప్పటికీ నేను చెప్పలేను. తప్పు రేటు మీద సంతకం పెట్టి ఊకుండుడు నాతోని కాదు. గదే ఇంకోసారి వస్తే రేటు మల్ల గదే చెప్త. కానీ గదిల ఎవలున్నరో చూసుకోకుంట కారణాలన్ని ఏకరువు పెట్టుడు గొప్పతనమని మాత్రం ఇప్పుడు అనుకుంటలే.

అటెనుక కొన్నాళ్లకు ఆట కంపెనీ పండుగ అని చెప్పి నీలి గుర్రాన్ని ఆడేటోళ్లందరికి ఊకెనే పంచింది. గీ పనిల గట్లనే ఉంటది, మీకు కూడ ఒకనాడు ఎదురైతది. పొద్దుగాల ట్రాక్టరంత ఉన్నది మాపటికి ఏం లేదు. డాక్టర్ మిఠాయి డబ్బా పట్టుకొని మా ఆఫీసుకు ఉరికొచ్చిండు. "మేడం, మీరు నన్ను బతికిచ్చిండ్రు!" అన్నడు. నా సరైన రేటు బతికిచ్చింది ఆయనను. గా పైసలు పోయినా తెల్వకపోవు ఆయనకు. అక్క గా డబ్బాను కింది దుకాణంల టైలర్ పిల్లలకు ఇచ్చి వచ్చింది.

గా దినమే బామ్మర్ది ఫోన్ చేసిండు. గొంతు గుర్తుపట్టిన.

"మేడం, గుర్రం ఇప్పుడు ఎంత పల్కుతది?"

"ఏం పల్కది తమ్మీ. అందరికి ఊకెనే ఇచ్చిండ్రు."

"అంటే అప్పుడు నేను కొని ఉంటే నా పైసలన్ని పోయేటియే?"

"పోయేటియే."

"బావ మాత్రం ఇంట్ల ఉంటుండె."

"ఔ," అన్న.

ఫోన్ల మిషన్ చప్పుడు ఇనొస్తుంది, ఎక్కడో పొలంల ఉన్నట్టున్నడు.

"పోతే పోతుండె మేడం," అని ఫోన్ పెట్టేసిండు.